కాంబోడియా పట్టుకు మా ఇంటి పసుపు

ఒక ఊరి మగ్గాలకు నీడ లేకుండా చేయాలంటే తుఫానే రానక్కర్లేదు. చారెడు పసుపు, పక్కన నేను ఉంటే చాలు. నమ్మరా? కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

మలేషియాలో, సుంగై సిపుట్ అనే ఊళ్ళో నాకో మోటారుబైకుల మరమ్మతు కొట్టుంది. బడికి నేను నచ్చలేదు, నాకు బడి నచ్చలేదు. మర్యాదగా చిన్నప్పుడే విడిపోయాం. అయినా నాకు తెలియని సంగతి భూమ్మీద లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

మా వీధి పద్మక్క నర్సు పని మానేశాక ఏటా కాంబోడియాలో ఓ బీద పల్లెకు వెళ్ళొస్తుంది. అక్కడి ఆడవాళ్ళు నేసినవి ఇక్కడ అమ్మి, వచ్చినదంతా వాళ్ళకే పంపుతుంది. అమ్మే బల్లమీద ఓ చందా డబ్బా కూడా పెడుతుంది. ఆ ఏడు వాళ్ళ మగ్గాల పాక కప్పు కూలిపోయింది. వానలొచ్చేలోగా రేకులు వేయకపోతే మగ్గాలు తడిసిపోతాయి, నేత ఆగిపోతుంది. ఆ రేకుల కోసమే మల్లెపూలలాంటి తెల్లటి పట్టు కండువాలు మూటకట్టి పంపారు.

పద్మక్క ఆ మూట మా ఇంట్లో దించింది.

"రేపు ఈపో పట్నంలో పెద్ద మాల్లో బల్ల ఇచ్చినారు. నాను మద్దేన్నానికి ఒస్తాను. అందాకా నువ్వు అమ్ము. ఇంకేటీ సెయ్యకు."

"నన్నేటనుకున్నావక్కా? అంతా నాను సూసుకుంటాను లాహ్!"

"అదేరా నా బయం."

అక్క వెళ్ళగానే మూట విప్పాను. అన్నీ కొత్త గుడ్డలు! ఒక్కదానికీ పసుపు లేదు! మా ఇంట్లో కొత్త గుడ్డ మూలకు పసుపు పెట్టందే ఒంటిమీదకు రాదు. అలాంటిది, ఒక ఊరి ఆశంతా మోస్తున్న గుడ్డల్ని బోడి మూలలతో బజారుకు పంపుతానా? అమ్మ గుడికెళ్ళింది. పసుపు తడిపాను, మూలమూలకూ అద్దాను. మామూలు బొట్టేమిటి, శుభం కాస్త గట్టిగా జరగాలని వడియమంత పెట్టాను. అన్నీ వరసగా పరిచి ఫోటో తీసి, ఆ ఊళ్ళో నేతపని చూసుకునే సోఖాకు పంపాను కూడా. అంత గర్వం!

మర్నాడు మాల్లో మొదటి బేరానికి ఒక చైనా ఆంటీ వచ్చింది. కండువా విప్పి, మూల పట్టుకుని నా ముక్కు దగ్గర ఆడించింది.

"ఇదేంటి, మరకా?"

"మరక కాదాంటీ, మంగళం!"

"మంగళం లేనిది ఒకటివ్వు."

"అన్నిటికీ పెట్టేశాను ఆంటీ, మీరేం దిగులు పడకండి!"

ఆవిడ దిగులు పడలేదు, వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళూ మూల చూడటం, ముఖం చిట్లించడం, నడవడం. చందా డబ్బా నా బుర్రంత ఖాళీగా ఉంది.

అయినా నేను తగ్గే మనిషినా? కండువాలన్నీ మాల్ మరుగుదొడ్డిలోకి మోసుకెళ్ళి, చేతులు కడిగే సబ్బు దట్టంగా పట్టించి రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు. నాకు తెలియలేదు. బొట్లన్నీ ఎర్రబారాయి! రుద్దిన కొద్దీ పాకాయి. పట్టు కండువాలు కాస్తా కోడిపందెంలో కట్లు కట్టిన గుడ్డల్లా తయారయ్యాయి. కాపలావాడు తలుపు తీసి, నన్నూ, ఆ ఎర్ర మూటనూ చూసి, "అంకుల్, ఎవరికి తగిలింది?" అని అడిగాడు.

అప్పుడే పద్మక్క వచ్చింది.

"ఏటిరా సేసినావు?"

"పసుపెట్టినానక్కా."

"ఎందుకు?"

"కొత్త గుడ్డలు గదా!"

అక్క తిట్టలేదు. ఎర్ర కండువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆళ్ళకి ఏటని సెప్పాలిరా? రేకులేస్తామని మాటిచ్చినాను" అంది. నేను తడి కండువాలన్నీ మూటకట్టి భుజానికెత్తుకున్నాను.

ఇంటికి తెస్తే అమ్మ మూట చూసి నెత్తి కొట్టుకుంది.

"కొనుక్కున్నోళ్ళు ఎట్టుకుంటారురా పసుపు! అమ్మేవోడు ఎడతాడేటి?"

తిడుతూనే చింతపండు పిసికింది. ఆ పులుపు నీళ్ళలో ఎరుపు మళ్ళీ పసుపయింది గానీ, మరక మరకే. అమ్మ కాసేపు దాన్ని చూసి, "మూలలెందుకు, మొత్తం ముంచేద్దుము. తైపూసం ఒస్తంది గదేటి" అంది.

తైపూసం కావడి పండక్కి మా ఊళ్ళో పసుపు గుడ్డ లేని భుజం ఉండదు. పెద్ద తపేలాలో పసుపు కలిపి అన్నిటినీ ముంచాం. ఆరేసరికి మా పెరడు బంతితోటలా ఉంది. గుడి బయట బల్ల వేస్తే ఒక్క కండువా మిగల్లేదు. సంగతి విన్నవాళ్ళు నవ్వి నవ్వి చందా డబ్బా కూడా నింపారు. వానలకు ముందే అక్కడ రేకులు పడ్డాయి.

ఇక్కడితో అయిపోతే నేను వీరుడినే. ఈ ఏడు కొత్త మూట వచ్చింది. అక్క విప్పింది. తెల్లటి పట్టు, తళతళ. ప్రతి కండువా మూలా, వడియమంత, పచ్చగా ఒక బొట్టు!

అక్క ఫోన్లో సోఖా సందేశం చదివింది: "మీ తమ్ముడి ఫోటోలో బొట్లు చూశాం. అవి పెడితేనే అన్నీ అమ్ముడుపోయాయి కదా. ఈసారి ఆయనకు శ్రమ లేకుండా మేమే పెట్టేశాం."

అక్క నావైపు చూసింది. అమ్మ తపేలావైపు చూసింది.

అందుకే ఈ ప్రమాణం: నేను కొనని, నాది కాని ఏ గుడ్డకూ ఈ జన్మలో పసుపు పెట్టను గాక పెట్టను. సాక్షిగా ఉంటుందని పసుపు డబ్బామీద చెయ్యి వేయబోయాను. అమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.