లక్ష్మీకాంతం పేరున ఒక ఖాతా

తాడేపల్లిగూడెం బజారులో కృష్ణమోహన్ గారి స్టీలు సామాను కొట్టు వాళ్ల నాన్నగారి నాటిది. పెంటపాడు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరిందంటే బిందెలకీ గంగాళాలకీ అక్కడికే వచ్చేవారు. కొట్టు వెనకాలే ఇల్లు. ఆ ఇంటికి గుండుగొలను నుంచి కోడలిగా వచ్చిన లక్ష్మీకాంతానికి ఇప్పుడు యాభై దాటాయి.

ఇంటి ఖర్చుకి ఆ ఇంట్లో ఒక పద్ధతంటూ లేదు. గ్యాసతను వచ్చినా, పాలవాడికి ఇవ్వాల్సి వచ్చినా ఆమె కొట్లోకి వెళ్లి, బేరం కాస్త తెరిపిచ్చేదాకా ఆగి, "ఏవండీ" అనేది. ఆయన గల్లాపెట్టె తీసి ఇచ్చేవారు. లేదని ఎప్పుడూ అనలేదు, ఎందుకని అడగనూ లేదు. కానీ కొనుగోలుకి వచ్చినవాళ్ల ముందు అలా నిలబడడం ఆమెకి ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు.

కార్డులు గీకే మిషను సంగతి మాట్లాడడానికి ఒకరోజు బ్యాంకు నుంచి హర్షిత అనే అమ్మాయి వచ్చింది. పని అయ్యాక మరో మాట చెప్పింది.

"ఇంటి ఖర్చులకని ఒక ఖాతా ఉందండీ. కరెంటు, ఫోను, గ్యాసు, మందులు, సరుకులు, వీటికి అందులోంచి కడితే నెలాఖరుకి కొంత వెనక్కి వస్తుందండీ."

కృష్ణమోహన్ గారు నవ్వారు. "నేనూ బిందె మీద యాభై తగ్గిస్తానమ్మా. ఆ యాభై ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు కదా."

"నిజమేనండీ. కానీ ఈ బిల్లులు మీరు ఎలాగూ కడుతున్నారు కదండీ" అంది హర్షిత మెల్లగా.

మజ్జిగ గ్లాసు ఇవ్వడానికి వచ్చిన లక్ష్మీకాంతం అక్కడే నిలబడిపోయింది. "నా పేరున తెరవండమ్మా" అంది.

కృష్ణమోహన్ గారు భార్య వంక చూశారు. ఆవిడ తనకోసమని ఏదీ అడిగిన మనిషి కాదు. సరేనన్నారు. తీరా షరతులు చూస్తే, ఆ ఖాతాలో ఎప్పుడూ కొంత నిల్వ ఉండాలి, తగ్గితే బ్యాంకు కోత పెడుతుంది. అంటే నెల ఖర్చంతా ఒకటో తారీఖునే అందులో వేసేయాలి.

"ఒక్కసారే అంతా?" అన్నారాయన.

"రోజూ ఇస్తున్నదే కదండీ" అంది ఆవిడ.

ఫోనులో బిల్లులు కట్టడం హర్షితే నేర్పింది. మొదటి నెలాఖరున ఖాతాలో నూట పాతిక రూపాయల చిల్లర పడింది. లక్ష్మీకాంతం ఆ మెసేజీని వంటింట్లో నిలబడి రెండుసార్లు చదువుకుంది. ఒకరి చేతిలోంచి కాకుండా తన దగ్గరికి వచ్చిన మొదటి డబ్బు అది.

ఆ తరవాత ఆవిడకి అదే ధ్యాస పట్టుకుంది. ఒక్కోరకం ఖర్చుకి నెలకి ఇంతవరకే వెనక్కిస్తామని బ్యాంకు హద్దు పెట్టింది. నెల చివరికి ఆ హద్దు దాకా వెళ్లకపోతే ఏదో పోగొట్టుకున్నట్టే ఉండేది. సరుకుల వంతు మిగిలిపోయిందని బస్సెక్కి ఏలూరు వెళ్లి, పెద్ద షాపులో కందిపప్పు, మినప్పప్పు, సబ్బులు, ఇంట్లో ఎవరూ తినని ఓట్స్ పొట్లాలు మోసుకొచ్చేది. అటక నిండిపోయింది.

వానాకాలం రాగానే కందిపప్పుకి పురుగు పట్టింది. చాప మీద పోసి చెరుగుతుంటే కృష్ణమోహన్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"దీనిమీద వెనక్కి ఎంత వచ్చింది కాంతం?"

"తొంభై."

ఆయన కూడా నాలుగు గింజలు ఏరి లేచి వెళ్లిపోయారు. తిడితే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది. బస్సు ఛార్జీలూ పారబోసిన పప్పూ కలిపి చూసుకుంటే ఆ నెల చేతినుంచే పోయింది.

అప్పటినుంచి ఆవిడ తీరు మారింది. ముందు అవసరం, తరవాతే వెనక్కి వచ్చే డబ్బు. ఆయన బీపీ మందులు ఎలాగూ కొనాలి, కరెంటు బిల్లు ఎలాగూ వస్తుంది. అవి మాత్రం ఒక్కటీ ఖాతా దాటి పోనిచ్చేది కాదు. సరుకుల వంతు మిగిలితే మిగలనిచ్చేది. వెనక్కి వచ్చేది మునుపటికంటే తక్కువే. కానీ ఆ ఇల్లు నెలకి ఎంతలో నడుస్తుందో ఆవిడకి తెలిసింది. అంతకుముందు ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడు ఆషాఢమాసం మొదట్లో ఒక ఉదయం కృష్ణమోహన్ గారు పై అరలోంచి గంగాళం దించుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఏలూరు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. వెంటనే కట్టాల్సిన డబ్బు లక్ష్మీకాంతం తన ఖాతాలోంచి తీసింది. నిల్వ తగ్గితే బ్యాంకు కోత పెడుతుందని తెలిసే తీసింది. డాక్టర్లు రెండు నెలలు విశ్రాంతి అన్నారు. ఆయన్ని ఏలూరులోనే ఉన్న కూతురు రాజశ్రీ ఇంట్లో దింపి, ఆవిడ తిరిగొచ్చి కొట్టు తెరిచింది.

వారం తిరక్కుండానే విజయవాడ హోల్‌సేల్ దుకాణం తరఫున పాపారావు ఆర్డరుకి వచ్చాడు. శ్రావణమాసం పెళ్లిళ్లకి సరుకు దింపుకోవాలి.

"ఎప్పట్లాగే నెలన్నర గడువు రాసుకోమంటారాండీ?"

వేసవి పెళ్లిళ్ల తాలూకు డబ్బు కొట్టు ఖాతాలో ఊరికే పడి ఉందని ఆవిడ ముందురోజే చూసింది.

"గడువు వద్దులెండి. డబ్బు ఇప్పుడే వేసేస్తే నాకు వెనక్కి ఎంత వస్తుందండీ?"

ఆ కొట్లో ఆ మాట పాపారావు ఎప్పుడూ వినలేదు. బయటికి వెళ్లి యజమానితో ఫోనులో మాట్లాడొచ్చి, "రెండు శాతం ఇస్తామంటున్నారండీ" అన్నాడు.

"మూడు అడగండి."

రెండున్నర దగ్గర తెగింది. పాపారావు సంచి సర్దుకుంటూ, "ఆర్డరు రెట్టింపు చేస్తే ఇంకో అర శాతం కలుపుతారండీ" అన్నాడు.

లక్ష్మీకాంతానికి చాప మీద పోసిన కందిపప్పు గుర్తొచ్చింది. "అమ్ముడుపోయేంత చాలండీ" అంది.

ఆదివారం ఏలూరు వెళ్లినప్పుడు భర్తకి ఈ సంగతి చెప్పింది.

"మా నాన్నగారు ఎప్పుడూ గడువు మీదే తెచ్చేవారు."

"అప్పుడు చేతిలో డబ్బు ఆడేది కాదు కదండీ."

"ఎంతకి ఒప్పుకున్నాడు?"

"రెండున్నర."

"నేనైతే రెండుకే సరేననేవాణ్ణి" అన్నారాయన.

శ్రావణమాసం చివర్లో ఆయన తిరిగొచ్చారు. కొట్లో అడుగుపెట్టగానే ఆవిడ కుర్చీలోంచి లేవబోయింది. "కూర్చో" అని, ఆయన లోపలినుంచి స్టూలు తెచ్చుకున్నారు. క్రమంగా పొద్దున పూట ఆయన, మధ్యాహ్నం నుంచి ఆవిడ అన్నట్టు కుదురుకుంది.

ఈ మధ్య బ్యాంకు నిబంధనలు మార్చింది. కరెంటు బిల్లుల మీద ఇచ్చేది తీసేసింది, మందుల మీద ఇచ్చేది ఉంచింది. హర్షితకి చింతలపూడి బదిలీ అయింది. ఆమె స్థానంలో వచ్చిన ఫణికిరణ్ ఖాతాదారులందరికీ ఫోన్లు చేస్తూ లక్ష్మీకాంతానికీ చేశాడు.

"ఇదివరకటంత లాభం ఉండదండీ. కొనసాగిస్తారాండీ?"

"నిల్వ తక్కువ పెట్టుకునే రకం ఏదైనా ఉంటే అందులోకి మార్చండి. మందులకి అది చాలు" అంది ఆవిడ. అలాంటిది ఉందని, ఒకసారి వచ్చి సంతకం పెట్టమని అతను చెప్పాడు. గురువారం వస్తానంది.

ఆమె ఫోను పెట్టేసేసరికి, కొల్లేరు వైపు చేపల చెరువులు చూసుకునే పెద్దింటయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెరువుల మీద పనిచేసేవాళ్లకి వండి పెట్టడానికి పెద్ద డేగిశాలు కావాలన్నాడు. లక్ష్మీకాంతం లేచి కొట్లో కుర్రాడి చేత రెండు కిందికి దింపించి, మూతలతో సహా తూకం వేయించింది.