అంగారకుడి మీద స్వామీజీ

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడు నేనొక నవల రాశాను. అంగారక గ్రహం మీద ఒంటరిగా చిక్కుకుపోయిన శాస్త్రవేత్త కథ. ఆవిడ దగ్గర గాలి అయిపోతూ ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ నేర్పిన స్తోత్రం నోటికొస్తుంది. సగంలో ఆగి, "భూమ్మీద కొలిచే దేవుడికి ఇక్కణ్ణించి వినిపిస్తుందా?" అనుకుంటుంది. నవల అక్కడితో అయిపోతుంది. ఆ ప్రశ్న కోసమే అదంతా రాశాను. జవాబు తెలిసుంటే నవలెందుకు, హరికథ చెప్పుకునేవాణ్ణి.

నారాయణగూడలో ఉండే పబ్లిషరు గారు రాతప్రతిని ముందుమాట కోసం ఒక పెద్దాయనకు పంపారు. పెద్దల ముందుమాట లేనిదాన్ని ఆ రోజుల్లో ఎవరూ పుస్తకంగా లెక్కపెట్టేవారు కారు. ఆయన ఎంత చదివారో తెలియదు గానీ, రాకెట్లన్నీ మన పురాణాల్లోవేనని పేజీలకు పేజీలు దంచారు.

"వేదాంతం తగ్గిందన్నారండీ పెద్దాయన," అన్నారు పబ్లిషరు గారు, సాంబారులో ఉప్పు తగ్గిందన్నట్టు. "చివర్లో ఆవిడకి దర్శనమేదైనా చేయించండి."

"చేయించను," అన్నాను.

పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే చివర ఒక కాగితం ఎక్కువుంది. ఆకాశం నుంచి ఒక స్వామీజీ దిగి, ఆత్మకు ఆక్సిజన్ అక్కర్లేదని ఉపన్యాసమిచ్చి, ఆమెను వెంటబెట్టుకుపోయాడు. అంత చలిలో ఆయన ఒంటిమీద కాషాయం తప్ప ఏమీ లేదు! నాకు ఒళ్లు మండిపోయింది. తత్వం మాట అటుంచండి, వీళ్లకి భక్తి కూడా లేదు. భక్తి ఉన్నవాళ్లకైతే ఆవిడ భయం అర్థమయ్యేది.

కొన్నాళ్లకు చిక్కడపల్లిలో పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణానికి వెళ్లాను. ఒక కాలేజీ అమ్మాయి నా నవల పట్టుకుని దుకాణదారుతో కొట్లాడుతోంది.

"ఆఖరి కాగితం లేదన్నా! ఆమె మొక్కు ఎవరన్న విన్నరా లేదా? పొద్దటి సంది గదే మనసుల తిరుగుతున్నది."

కిరాయి పుస్తకాల్లో ఆఖరి కాగితాలు ఊడిపోవడం మామూలే.

"గంత పరేషాన్ ఎందుకమ్మా? ఒక సామి వచ్చి తోల్కపోతడు," అన్నాడతను.

"సామా? ఆడికి సామెట్లొస్తడు? నువ్వు చదవలే, ఉత్తగ చెప్తున్నవ్," అని ఆ అమ్మాయి మొహం చిట్లించి, పుస్తకం బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నవల నాదేనని దుకాణదారుకు తెలుసు. నొచ్చుకుంటూ, "మంచి కాపీ తెప్పిస్తనన్నా," అన్నాడు.

"వద్దు," అన్నాను. "నేను రాసినట్టున్న పుస్తకం ఇదొక్కటే."