గెలిచిన ఆట

అమెరికాలో, బాతెల్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చేవాళ్లలో గెలిచిన ఆటకి కూడా భయపడేవాడు మా అల్లుడి స్నేహితుడొక్కడే. మెల్‌బోర్న్‌లో చదువుకుని, అక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పిచ్చి మా ఇంటిల్లిపాదికీ అంటించాడు.

ఆ శనివారం పొద్దున అందరూ కూర్చుని మ్యాచ్ రికార్డింగ్ చూశారు. ఓడిపోతుందనుకున్న మా జట్టు ఆఖరి కిక్‌తో గెలిచింది.

“ఏం కొట్టాడ్రా బాబూ!” అని మా అల్లుడు సోఫా మీంచి గెంతాడు.

“పోస్ట్‌కి తగిలుంటే ఆరు పాయింట్లకి బదులు ఒక్కటే వచ్చేది. పోయేవాళ్లం,” అన్నాడతను, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. అది అతని అలవాటు.

“తగల్లేదుగా! గెలిచాక ఏడుస్తావేంట్రా?”

పక్కనే ఉన్న అతని భార్య నవ్వింది. ఆమెకి ఎనిమిదో నెల. పోయినసారి కూడా ఈ నెల దాకా అంతా బాగుందనే చెప్పారు. బిడ్డ మాత్రం దక్కలేదు.

కాసేపటికి అతను వంటగదిలోకి వచ్చాడు. “సోమవారం స్కాన్ ఆంటీ. బాగానే ఉంటుంది కదా?”

స్టవ్ ఆపి అతని పక్కకి వచ్చాను.

“ఆ చివరి కిక్ మళ్లీ పెట్టు బాబూ, నేను సరిగా చూడలేదు,” అన్నాను.

ఫోన్‌లో పెట్టాడు. బంతి రెండు పోస్ట్‌ల మధ్య నుంచి వెళ్లేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.