పేరు మారిస్తే చాలనుకున్నాను

పీహెచ్‌డీ కోసం జహీరాబాద్ దగ్గరి ఒక పల్లెలో కూలీ మహిళలతో మాట్లాడాను. అత్త కడుపునిండా తిననివ్వదని ఒకామె గుట్టుగా చెప్పుకుంది. ఆమె పేరును ‘సుజాత’ అని మార్చి రాశాను. రాసింది ఆమెకు చదివి వినిపించి సరిచూసుకోమని మా గైడ్ ఒకటే పోరు. వెళ్తే వాడకట్టంతా చుట్టూ చేరింది. పేరు మార్చాను కదా అన్న ధీమాతో అందరి ముందే చదివేశాను.

వెనక నుంచి ఒక ముసలామె లేచింది. “మా కోడలు సుజాత గిట్ల చెప్పిందా?”

నాతో ఏనాడూ మాట్లాడని ఆ సుజాత బిత్తరపోయింది. అసలు చెప్పినామె తల వంచుకుని కూర్చుంది.

“మీ కోడలు కాదమ్మా,” అన్నాను.

“మరెవరు చెప్పిన్రు?”

మాట ఇచ్చాను, చెప్పలేను. ముసలామె నన్ను నమ్మలేదు.

తర్వాత యూనివర్సిటీకి ఇచ్చే ఫారంలో, గోప్యత పాటించారా అన్న కాలమ్‌లో ‘అవును’ అని రాశాను. సుజాత గురించి అడిగే కాలమ్ ఆ ఫారంలో లేదు.