చుక్క పడిందన్న గుంట కోసం జగ్గయ్యపేటకి

కాళ్ళు ముడుచుకుని సరిగ్గా కూర్చో. మధ్యలో లేచావంటే చెప్పను. ఊఁ, రాసుకో.

ఎనభైల మొదట్లో, నందిగామ దగ్గర మన మెట్టచేలో ఒక పొద్దున మనిషి లోతు గుంట కనబడింది. ముందురోజు సాయంత్రం మా మామగారు ఆకాశంలో చుక్క రాలడం చూశారు. అదే చేలో పడిందనీ, అరిష్టమనీ, ఈ ఏడు బీడు పెట్టమనీ పట్టుబట్టారు. మిరపనారు చూస్తే చేతికొచ్చింది. నాలుగు రోజుల్లో నాటకపోతే పారెయ్యాలి. మా ఏడాది తిండి దాంట్లోనే ఉంది. "చదువుకున్నవాళ్ళెవరైనా కాదంటే ఒప్పుకుంటా" అన్నారాయన. జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీలో రాళ్ళు పరీక్షించే ఇంజనీరుగారున్నారని తెలిసి, నేనూ మీ తాతయ్యా బయల్దేరాం.

ఏడింటికి నందిగామలో బస్సెక్కాం. గుంట గట్టు మీది మట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నా. చిల్లకల్లులో ఎక్కినావిడ నా పక్కన కూర్చుని, "ఏం కూర వదినా?" అంది.

"మట్టి."

"మీ ఆయన అంత బాగా సంపాదిస్తున్నాడా" అంది. మీ తాతయ్య కిటికీ వైపు తిరిగాడు.

ఎనిమిదింపావుకి దిగి, బస్టాండులో ఇడ్లీ తిని, రిక్షాలో క్వారీకి వెళ్ళాం. ఇంజనీరుగారు మట్టి చూసి, "పైనుంచి ఏదైనా జోరుగా పడితే నేల పేలినట్టు లేస్తుందమ్మా. మట్టీ రాళ్ళూ ఎగిరి చుట్టూ గట్టులా పడతాయి. మీ గుంటకి గట్టుందా?" అని అడిగారు.

"ఉందండి, మోకాలెత్తు."

"అయితే ఏదో పడే ఉంటుంది."

ఇక చేను బీడే అనుకున్నా. అప్పుడు మీ తాతయ్య మెల్లగా, "ఆ గట్టు నేనే వేశానండి. వాన నీళ్ళు దిగి చేను కోసుకుపోతుందని, అందరికన్నా ముందెళ్ళి పారతో మట్టి లాగాను" అన్నాడు.

"మరి చెప్పలేదేంటి?" అన్నాను.

"గట్టెయ్యడం కూడా చెప్పుకునే సంగతా?"

ఇంజనీరుగారు నవ్వాపుకోలేకపోయారు. "ఎగిరిన మట్టి లేదంటే పైనుంచి దెబ్బ కాదు, కిందకి కూలింది. మీ నేల కింద సున్నపురాయి. నీళ్ళు దాన్ని కరిగించి డొల్ల చేస్తే పైకప్పు కుంగుతుంది. అంగారకుడి మీదా గట్టులేని గుంటలున్నాయి. అక్కడ నేల లోపల చీలితే, పై మట్టి ఆ ఖాళీలోకి జారుతుందంటారు. రేపొచ్చి చూస్తా. అందాకా దగ్గరికెళ్ళకండి. చుట్టూ బాగా వదిలి కంప కట్టి, మిగతా చేను నాటుకోవచ్చు" అని, మామగారి కోసం కాగితం మీద రాసిచ్చారు.

రెండింటి బస్సులో సీటు దొరకలేదు. ఇంటిదాకా నిలబడే వచ్చాం, అయినా కాళ్ళ నొప్పి తెలియలేదు. మామగారు కాగితం రెండుసార్లు చదివించుకుని, "ఆయన వచ్చెళ్ళగానే కూలీలని పిలవండి" అన్నారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా అంత తేలిగ్గా ఇంటికొచ్చింది ఆ ఒక్కరోజే. అన్నాళ్ళూ ముద్ద సరిగ్గా దిగనిదాన్ని, ఆ పూట ఎంత ఆకలేసిందంటే, మీ తాతయ్య కంచంలోది కూడా...

ఆఁ, వస్తున్నానమ్మా. లే, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది.