ఎల్మర్ షెడ్డులో చోటు లేదు

ఎల్మర్ ప్రిబిల్‌కు ఉన్నది ఒకటే జబ్బు: చోటు చాలకపోవడం. బర్విన్ ఊళ్లో పాత పిన్‌బాల్ మిషన్లు, అంటే గోళీని మీటలతో కొడుతూ పాయింట్లు సాధించే ఆటబల్లలు, కొని, బాగుచేసి అమ్మడం ఆయన వ్యాపారం. అమ్మడం అన్నది మర్యాదకు అంటున్న మాట. నలభై ఏళ్లలో ఆయన ధర చెప్పగా విన్నవాళ్లు తక్కువ, "షెడ్డులో చోటు లేదు" అనగా విననివాళ్లు లేరు.

ఓ ఆదివారం పొద్దున్నే ఎల్మర్ ఓ మిషనుతో వాల్ట్ జెలెంకా ఇంటి ముందు వ్యాను దిగాడు. వాల్ట్ రిటైరైన రైలు గార్డు, ఎల్మర్‌కు చిన్ననాటి నేస్తం. లిబ్బీ వాల్ట్ భార్య.

"ఒరేయ్ వాల్ట్, మీ ముందుగది ఖాళీయేగా?"

"ఖాళీ ఏమిట్రా, లిబ్బీ మంచం అక్కడే వేశాం. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు."

"అయితే మంచం పక్కన పెడదాం. పది రోజులే. షెడ్డులో కాలు పెట్టే సందు లేదురా బాబూ!"

మిషనుకు కాళ్లు బిగించాడు. దారిలో దొర్లి అద్దం పగలగొట్టకుండా ముందే తీసి జేబులో వేసుకున్న ఉక్కు గోళీని లోపల పడేశాడు. "వదినా, ఊరికే ఉంచితే ఇది పాడైపోతుంది. రోజూ ఓ ఆట ఆడి పుణ్యం కట్టుకో" అన్నాడు.

"నీ సరుక్కి నేను కూలీనా?" అంది లిబ్బీ. సాయంత్రానికి స్టూలెక్కి కూర్చుని మిషన్‌ను తిడుతోంది. వాల్ట్ ఆమె గొంతు అంత పెద్దగా విని చాలా రోజులైంది.

పది రోజులు కాస్తా ఆరేళ్లయ్యాయి. ఫాదరుగారింట్లో ఒకటి, భార్య వదిలేసిన మంగలి ఇంట్లో ఒకటి, ఇలా ఊరంతా ఎల్మర్ గోదామే అయింది. "ఎప్పుడు పట్టుకుపోతావురా?" అని వాల్ట్ విసుక్కునేవాడు. లిబ్బీ పోయాక అడగడం మానేశాడు. మిషను పక్క చెక్క మీద ఆమె పెన్సిలుతో రాసుకున్న తన అత్యధిక పాయింట్ల లెక్క ఉంది: 81,460. దాన్ని వాల్ట్ ఏనాడూ దాటలేదు.

ఈ మార్చిలో ఎల్మర్ పోయాడు. సరుకంతా ఇక ఆయన అక్క ఆగ్నెస్‌ది. పరాయి సొమ్ము ఉంచుకోవడం వాల్ట్‌కు చేతకాదు. గోళీ తీసి జేబులో వేసుకున్నాడు. కాళ్లు విప్పి, ఆ పెన్సిలు రాత చెరగకుండా లిబ్బీ దుప్పటి చుట్టి మిషన్‌ను వ్యానెక్కించాడు. ఆమెను రెండోసారి సాగనంపుతున్నట్టుంది.

షెడ్డు ముందు అప్పటికే ఫాదరుగారి వ్యాను, మంగలి వ్యాను నిలబడి ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచి, గుమ్మానికి అడ్డంగా ఆగ్నెస్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె వెనక ఓ పనిబల్ల, ఓ చీపురు ఉన్నాయి. తక్కినదంతా పెళ్లి భోజనాలు పెట్టేంత ఖాళీ.

"అక్కా, మిషను తిరిగిచ్చేద్దామని..."

"చోటు లేదు."

"అదేమిటక్కా! లోపల..."

"చోటు లేదని చెప్పమన్నాడు తమ్ముడు, చెబుతున్నా. నవ్వకుండా చెప్పాలట, ఒట్టు వేయించుకున్నాడు. ఊరికే ఇస్తానంటే మీలో ఒక్కడైనా పుచ్చుకునేవాడా? ఆ పళ్లెంలో కొలాచీ తీపి బన్నులున్నాయి, తిని ఎవరి మిషను వాళ్లు పట్టుకుపొండి."

"దొంగ వెధవ!" అన్నాడు వాల్ట్. ఫాదరుగారు కూడా కాదనలేదు.

ఇంటికి పోయి కాళ్లు బిగించి, గోళీ లోపల వేశాడు. ఆ సాయంత్రం అరవై రెండు వేల దగ్గర ఓడిపోయి, అచ్చం లిబ్బీ తిట్టినట్టే మిషన్‌ను తిట్టాడు.