చెయిన్ లోపలే ఉండాలి

బందరులో ఏ కొట్టు షట్టరు మొరాయించినా ముందు తిట్లు మొదలవుతాయి, తర్వాత రోషన్ బీకి ఫోన్ వెళ్తుంది. ఆవిడ వచ్చాక మళ్లీ తిట్లే. కాకపోతే ఈసారి తినేది కొట్టు యజమాని. ఉప్పుగాలి కొట్టే ఊళ్లో ఉంటూ ఏడాది పొడుగునా ఇనుముకు నూనె చుక్క వేయనివాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట. కృత్తివెన్ను వైపు చెరువుల దగ్గర మరీ అన్యాయం. గ్రీజు అయిపోతే రొయ్యల మేతలో కలిపే చేపనూనె తెచ్చి షట్టరు గాడుల్లో పోస్తారు. నాలుగు రోజులు బాగానే జారుతుంది. ఆ తర్వాత నూనె బంకగా మారి, దుమ్ము పట్టి, ఎలుకలు చేరి, షట్టరు సగంలో ఇరుక్కుంటుంది. "మీ రొయ్యలకు గ్రీజు పెడతారా? పెట్టరుగా. మరి నా షట్టరుకు మేతెందుకండీ?" అని నిచ్చెన మీద నుంచే దులిపేస్తుంది.

డబ్బిచ్చి కొన్నది ఎవరైనా, ఎక్కించింది తానైతే అది ఆవిడకు "నా షట్టరే". ఇది ఆవిడ ఒక్కదాని పిచ్చి కాదు. బందరు నుంచి గుడివాడ దాకా, ఇటు దివిసీమలో అవనిగడ్డ దాకా షట్టర్ల పనివాళ్ల మధ్య ఒక కట్టుబాటుంది. ఒకరు ఎక్కించిన షట్టరును వాళ్లనడగకుండా ఇంకొకరు ముట్టుకోరు. బరువంతా ఏ బోల్టు మీద ఆగి ఉందో ఎక్కించినవాళ్లకే తెలుస్తుంది మరి. ఆవిడ భర్త రషీద్ ఒకసారి తొందరపడి, అడగకుండా విప్పాడు. షట్టరు చుట్టుకునే ఇనుప పైపు జారి భుజం మీద పడింది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. అప్పటిదాకా కింద నిలబడి స్పానర్లు అందించిన రోషన్ బీ, చున్నీ నడుముకు బిగించి తనే పైకెక్కింది. ఆడది ఎక్కడమేంటని నసిగినవాళ్లకు ఆవిడ చెప్పింది ఒకటే: "అయితే మీరెక్కండి. నేను కింద నిలబడి మాట్లాడతా." ఎవరూ ఎక్కలేదు.

పూర్ణచంద్రరావుకు కృత్తివెన్నులో రొయ్యలు ఒలిచే షెడ్డుంది. దాని ముందు ఉన్న పెద్ద మోటారు షట్టరు రోషన్ బీ ఎక్కించిందే. ఆయన మిగతా షెడ్ల షట్టర్లు చూసేదీ ఆవిడే. ఇల్లు గడిచేది ఆ పని మీదే. మొన్న ఎండాకాలంలో ఆయన ఆవిడను పిలిపించి, షట్టరు పక్కన వేలాడే చెయిన్ చూపించాడు. కరెంటు పోతే చేత్తో లాగి షట్టరు లేపుకునే చెయిన్ అది.

"గోడకు కన్నం పెట్టి దీన్ని బయటికి తీసెయ్యమ్మా. లోపలి బటన్ కూడా పీకెయ్."

"ఎందుకండీ?"

"ఎందుకేముంది. టీ అని ఒకత్తె, ఫోనని ఒకత్తె. వెళ్తూ వెళ్తూ కొంగుల్లో రొయ్యలు. పనయ్యేదాకా ఎవత్తీ గడప దాటకూడదు."

రోషన్ బీ షెడ్డంతా ఒకసారి చూసింది. ఉన్నది ఈ దారొక్కటే. వెనక తలుపు చల్లగదిలోకి తెరుచుకుంటుంది.

"ఆ గదిలో గొట్టాలనిండా అమోనియా ఉందండీ. అది లీకై, కరెంటూ పోయిందనుకోండి. వీళ్లెట్లా బయటపడతారు?"

"వాచ్‌మన్ ఉంటాడుగా."

"ఉంటాడు. అందరికంటే ముందు పరిగెత్తేదీ వాడే. నేను షట్టర్లేస్తానండి, బోన్లు వెయ్యను. చెయిన్ లోపలే ఉండాలి."

"అయితే నా గేటు తొక్కకు. నువ్వు కాకపోతే గుడివాడ నుంచి ఇంకొకడు."

"రప్పించుకోండి," అని ఆవిడ సంచి సర్దుకుంది.

ఇంటికొచ్చాక రషీద్ తల పట్టుకున్నాడు. "అంత మాట అనకుండా ఉండాల్సింది రోషన్. రేపట్నుంచి ఏం తింటాం?"

ఆవిడకు మాత్రం భయం లేదా? ఉంది. "పోతే పని పోతుంది," అంది. "నా చేత్తో కన్నం పెట్టొచ్చి, అక్కడెవరికైనా ఏమైనా అయితే నాకు ముద్ద దిగుతుందాండీ?"

మర్నాడు గుడివాడ దేవదానం ఫోన్ చేశాడు. నందివాడలో ఒక మిల్లు షట్టరు పనిలో ఉన్నాడు. "చెల్లెమ్మా, కృత్తివెన్ను షెడ్డులో చెయిన్ బయటికి తియ్యమంటున్నారు. ఎక్కించింది నువ్వంటగా. ముట్టుకోనా?"

"వద్దన్నయ్యా," అని ఆవిడ సంగతి చెప్పింది.

"అట్టాగా. అయితే నాకూ వద్దులే ఆ పని," అని పెట్టేశాడు. అవనిగడ్డలో షట్టర్లు వేసే అతనూ అడిగాడు, అతనూ వద్దన్నాడు. రోషన్ బీ ఏడ్చింది. ఇన్నాళ్లూ తనొక్కతే అనుకుంది పాపం.

కానీ ట్రాక్టర్లకు వెల్డింగ్ చేసేవాడికి ఈ కట్టుబాట్లేం తెలుస్తాయి? వాణ్ణి పిలిపించి పూర్ణచంద్రరావు పని కానిచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే షెడ్డులో పనిచేసే భాగ్యమ్మ నుంచి ఫోన్. "రోషనక్కా, చెయిన్ బయటికి లాగేశారు. లోపలికెళ్లమంటారా, వద్దంటారా?"

"నేనొచ్చేదాకా అడుగు పెట్టొద్దు," అంది రోషన్ బీ.

ఆవిడ బండి ఆపేసరికి ఆడవాళ్లంతా బేసిన్లు పట్టుకుని బయటే ఉన్నారు. టబ్బుల్లో రొయ్యల మీద ఐసు కరిగి కారిపోతోంది. పూర్ణచంద్రరావు బయటి గోడ మీది బటన్ దగ్గర నిలబడి కేకలేస్తున్నాడు. "వస్తే రండి, లేకపోతే షట్టరు దించేసి వేరేవాళ్లను తెచ్చుకుంటా."

షట్టరు కింద నిలబడొద్దని ఎదుటివాళ్ల మీద అరవడం ఆవిడ ఉద్యోగంలో సగం. అలాంటిది తిన్నగా వెళ్లి, సరిగ్గా అది దిగే చోట మఠం వేసుకుని కూర్చుంది.

భాగ్యమ్మ బేసిన్ బోర్లించి పక్కనే కూర్చుంది. తర్వాత ఆమెతో రొయ్యలు ఒలిచే గ్రేస్. ఆ తర్వాత మిగతావాళ్లు. గడప నిండిపోయింది.

"లేవండి. దించుతున్నా," అన్నాడాయన.

"దించండి," అంది రోషన్ బీ. "దాని బరువెంతో నాకు తెలుసు. దించండి."

భాగ్యమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ లేవలేదు. ఆయన టబ్బుల్లో కరుగుతున్న ఐసు వైపు చూసి, బటన్ మీది నుంచి వేలు తీసేశాడు.

"ఏడిసినట్టే ఉంది. పెట్టుకో నీ చెయిన్," అన్నాడు. "ఇదే నీకు ఆఖరి పని. ఈ తీరంలో ఇంకే షెడ్డులోనూ నీకు పని దొరకనివ్వను."

"సరేనండి," అని ఆవిడ సంచి విప్పింది.

చెయిన్ లోపలికొచ్చింది. బటన్ మళ్లీ బిగిసింది. అంతటితో ఆవిడ వెళ్లిపోలేదు. ఆడవాళ్లతో పాటు తనూ లోపలే ఉండి, షట్టరు దింపించి, కరెంటు మెయిన్ ఆపించింది. చెయిన్ ఎలా లాగాలో చీకట్లోనే చెప్పింది. మొదట గట్టిగా ఒక కీచు వినిపించింది. ఆ తర్వాత ఇనుప పట్టీలు ఒక్కొక్కటిగా పైకి చుట్టుకోవడం మొదలైంది. బయటివాళ్లకు ముందు పాదాలు కనిపించాయి, తర్వాత బేసిన్లు, తర్వాత చెమటకు తడిసి చెయిన్ లాగుతున్న భాగ్యమ్మ ముఖం.

బయట నిలబడ్డ పూర్ణచంద్రరావును చూసి ఆమె చెయిన్ వదిలింది.

"మళ్లీ దించండి రావు గారూ. ఇప్పుడు గ్రేస్ లాగుతుంది."